విశ్వవిద్యాలయంలో ఉమ్మడి మెయిల్‌బాక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

సెక్షన్ సూపరింటెండెంట్లు, డిపార్ట్‌మెంట్ హెడ్‌లు, మెయిల్ అడ్మిన్‌లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. వివరాలన్నీ మైక్రోసాఫ్ట్ 365 (ఔట్‌లుక్ మెయిల్, టీమ్స్ లాంటివి ఉన్న ఆఫీసు సేవ) ప్రకారం ఇచ్చాం. గూగుల్ వాడే విశ్వవిద్యాలయాల కోసం చివర్లో విడిగా రాశాం.

ఉమ్మడి మెయిల్‌బాక్స్ అంటే ఏమిటి?

మనిషికి కాకుండా సెక్షన్‌కు చెందిన మెయిల్‌బాక్స్. పరీక్షల విభాగం, అడ్మిషన్లు, హాస్టల్ ఆఫీసు, పీహెచ్‌డీ సెక్షన్ లాంటివాటికి పనికొస్తుంది. సొంత చిరునామా, ఇన్‌బాక్స్, క్యాలెండర్ అన్నీ ఉంటాయి. ఎవరికైనా చెప్పాల్సిన పాస్‌వర్డ్ మాత్రం ఉండదు. ఎవరి యూనివర్సిటీ ఖాతాతో వాళ్లు లాగిన్ అయి, తమకు అనుమతి ఉన్న ఉమ్మడి మెయిల్‌బాక్స్‌ను తెరుస్తారు.

ఆఫీసులో తపాలు ఎలా నడుస్తుందో గుర్తు చేసుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. ఉత్తరం ఎవరి చేతికి వచ్చినా ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కి సెక్షన్‌కే చేరుతుంది. జూనియర్ అసిస్టెంట్ బదిలీ అయినా ఫైలు బీరువాలోనే ఉంటుంది. మెయిల్‌కు కూడా అదే ఏర్పాటు కావాలి.

మా సెక్షన్‌లో ఒకే ఖాతా పాస్‌వర్డ్ నలుగురికీ తెలుసు. పని జరిగిపోతోంది కదా, మార్చడం ఎందుకు?

మొదట ఇబ్బంది పెట్టేది ఓటీపీ. రెండంచెల ధ్రువీకరణ పెట్టగానే కోడ్ ఒక్కరి ఫోన్‌కే వెళ్తుంది. ఆయన సెలవులో ఉన్న రోజు సెక్షన్‌కు మెయిల్ ఉండదు. కోడ్ గొడవ పడలేక రెండంచెల ధ్రువీకరణ తీసేయమని అడిగే సెక్షన్లున్నాయి. తీసేస్తే వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించే ఆ చిరునామాకు కాపలాగా ఒక్క పాస్‌వర్డే మిగులుతుంది. అది చాలాసార్లు మానిటర్ కింద చీటీ మీద రాసి ఉంటుంది.

ఇంకో చిక్కు, ఎవరు ఏం చేశారో తేలదు. విద్యార్థికి తప్పు సమాచారం వెళ్లిందనుకోండి, లాగ్‌లో నలుగురికీ ఒకే పేరు కనిపిస్తుంది. పైగా రిలీవ్ అయి వెళ్లిపోయిన ఉద్యోగికి పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది. ఉమ్మడి మెయిల్‌బాక్స్‌లో ఆయన పేరు తీసేస్తే సరిపోతుంది, మిగతావాళ్ల పని ఆగదు.

డిస్ట్రిబ్యూషన్ లిస్ట్, మైక్రోసాఫ్ట్ 365 గ్రూప్ కూడా ఉన్నాయి కదా. ఏది ఎప్పుడు?

డిస్ట్రిబ్యూషన్ లిస్ట్ ఉత్తరాన్ని నకళ్లు తీసి తలా ఒకటి పంచుతుంది. జవాబు ఎవరిచ్చారో మిగతావాళ్లకు తెలియదు. సర్క్యులర్లకు, మీటింగ్ నోటీసులకు అది చాలు. బయటివాళ్లు ఉత్తరం రాసి, సెక్షన్ పేరుతో జవాబు ఆశించే చోట ఉమ్మడి మెయిల్‌బాక్స్ కావాలి. ఫైళ్లు, టీమ్స్, చర్చలు అన్నీ ఒకచోట కావాలనుకునే కమిటీకి గ్రూప్ నయం.

ఒకేసారి 25 మందికి మించి ఉమ్మడి మెయిల్‌బాక్స్ తెరవకపోవడం మంచిదని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. దాటితే కనెక్షన్ తెగడం, అవుట్‌బాక్స్‌లో మెయిల్ రెండుసార్లు కనబడడం మొదలవుతుంది. అంతమంది నిజంగా అవసరమైతే హెల్ప్‌డెస్క్ టికెట్ వ్యవస్థ పెట్టుకోవాలి.

చిరునామాకు ఏ పేరు పెట్టాలి?

పని పేరు పెట్టండి, మనిషి పేరు వద్దు. సంవత్సరం అసలే వద్దు. చిరునామాలో 2025 అని పెడితే వచ్చే ఏడాది ఇంకొకటి తెరవాలి. పాతదేమో బ్రోషర్లలో, కోచింగ్ సెంటర్ల గోడల మీద ఇంకా కొన్నేళ్లు బతుకుతుంది.

జనం తప్పు రాసే రూపాలన్నీ అదనపు చిరునామాలుగా చేర్చేయండి. 'అడ్మిషన్స్' అని మీరు పెడితే సగం మంది చివరి 'ఎస్' లేకుండా 'అడ్మిషన్' అని కొడతారు. పరీక్షల విభాగానికి 'ఎగ్జామ్స్', 'ఎగ్జామినేషన్స్', 'సీఓఈ' (పరీక్షల నియంత్రణాధికారికి పొట్టి పేరు) మూడూ ఒకే పెట్టెలో పడేలా చేయవచ్చు. ఒక మెయిల్‌బాక్స్‌కు 400 వరకు ఇలాంటి చిరునామాలు చేర్చుకోవచ్చు కాబట్టి పిసినారితనం అక్కర్లేదు.

తెరవడం ఎలా? లైసెన్స్ ఖర్చు ఎంత?

50 జీబీ లోపు ఉంటే ఆ మెయిల్‌బాక్స్‌కు లైసెన్స్ అక్కర్లేదు. తెరిచి వాడే ప్రతి ఉద్యోగికి మాత్రం సొంత లైసెన్స్ ఉన్న ఖాతా ఉండాలి. యూనివర్సిటీ ఖాతా లేని బయటివారికి అనుమతి ఇవ్వడం కుదరదు. అవుట్‌సోర్సింగ్ సిబ్బంది పని చేస్తుంటే ముందు వాళ్లకు ఖాతాలు తెరవండి.

అడ్మిన్ సెంటర్‌లో (అడ్మిన్‌లు ఖాతాలను నిర్వహించే వెబ్ పేజీలో) 'టీమ్స్ అండ్ గ్రూప్స్' కింద 'షేర్డ్ మెయిల్‌బాక్సెస్' తెరిచి, 'యాడ్ ఎ షేర్డ్ మెయిల్‌బాక్స్' నొక్కి, పేరు, చిరునామా ఇచ్చి సేవ్ చేయండి. కొన్ని నిమిషాలాగి సభ్యులను చేర్చండి. తర్వాతి పనిని చాలామంది అడ్మిన్‌లు మరిచిపోతారు. ప్రతి ఉమ్మడి మెయిల్‌బాక్స్ వెనుకా ఒక యూజర్ ఖాతా దానంతటదే పుడుతుంది. 'యాక్టివ్ యూజర్స్'లో దాన్ని వెతికి 'బ్లాక్ సైన్-ఇన్' చేయండి. అలా చేయకపోతే, ఎవరో ఒకరు ఆ ఖాతాకు పాస్‌వర్డ్ రీసెట్ చేయించుకుని నేరుగా లాగిన్ అవుతారు. అప్పుడు మళ్లీ పాత కథే.

డిస్‌ప్లే పేరు ఇంగ్లీషులో ఉంచి, తెలుగు పేరును సంతకంలో రాయమని మా సలహా. తెలుగు పేరు చక్కగానే కనిపిస్తుంది. అయితే ఇంగ్లీషు కీబోర్డు ముందున్నవారు అడ్రస్ బుక్‌లో వెతికితే దొరకదు.

'ఫుల్ యాక్సెస్', 'సెండ్ యాజ్', 'సెండ్ ఆన్ బిహాఫ్' మధ్య తేడా?

ఫుల్ యాక్సెస్ అంటే పెట్టె తాళంచెవి: తెరవొచ్చు, చదవొచ్చు, తీసేయొచ్చు. ఒక్క ఫుల్ యాక్సెస్‌తో ఆ పేరు మీద మెయిల్ పంపడం కుదరదు. సెండ్ యాజ్ ఉంటే ఉత్తరం 'పరీక్షల విభాగం' పేరుతోనే వెళ్తుంది, పంపిన ఉద్యోగి పేరు బయటికి కనిపించదు. సెండ్ ఆన్ బిహాఫ్ ఉంటే 'ఫలానా వ్యక్తి, పరీక్షల విభాగం తరఫున' అని కనిపిస్తుంది. రెండూ ఇస్తే సెండ్ యాజ్‌దే పైచేయి.

విద్యార్థులకు జవాబిచ్చే సెక్షన్లకు ఫుల్ యాక్సెస్‌తో పాటు సెండ్ యాజ్ ఇవ్వండి. అడ్మిన్ సెంటర్‌లో సభ్యుణ్ని చేర్చితే ఆ రెండూ కలిసే వస్తాయి. జూనియర్ అసిస్టెంట్ వ్యక్తిగత పేరు బయటికి వెళ్తే విద్యార్థులు ఆయన సొంత మెయిల్‌కే రాయడం మొదలెడతారు. ఉత్తరం మళ్లీ సెక్షన్ నుంచి మనిషి దగ్గరికి జారిపోతుంది.

సభ్యుడిగా చేర్చారు, కానీ నా ఔట్‌లుక్‌లో కనిపించడం లేదు.

ముందు గంట ఆగండి. అనుమతి అమలుకు 60 నిమిషాల దాకా పట్టవచ్చు. తర్వాత ఔట్‌లుక్ మూసి తెరవండి.

అప్పటికీ రాకపోతే అడ్మిన్‌ను ఒక ప్రశ్న అడగండి: అనుమతి నా పేరుకు ఇచ్చారా, నేనున్న గ్రూప్‌కు ఇచ్చారా? గ్రూప్ ద్వారా వచ్చిన అనుమతితో మెయిల్‌బాక్స్ పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌లో దానంతటది ప్రత్యక్షం కాదు. చేత్తో చేర్చుకోవాలి. కొత్త ఔట్‌లుక్‌లోనైతే 'షేర్డ్ విత్ మీ' శీర్షిక విప్పి చూడండి, చాలాసార్లు అక్కడే ముడుచుకుని ఉంటుంది.

అత్యవసరమైతే బ్రౌజర్ దారి ఉంది. వెబ్ ఔట్‌లుక్‌లో పైన కుడివైపు మీ ఫొటో నొక్కి, 'ఓపెన్ అనదర్ మెయిల్‌బాక్స్' ఎంచుకుని చిరునామా కొట్టండి. అక్కడ తెరుచుకుంటే అనుమతి సరిగ్గానే ఉంది, సమస్య మీ కంప్యూటర్‌లో ఉంది. అక్కడా తెరుచుకోకపోతే అడ్మిన్ దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క పరీక్ష చేసి ఫోన్ చేస్తే ఇద్దరి సమయమూ కలిసొస్తుంది.

మూడు మెయిల్‌బాక్స్‌లు చేర్చాక ఔట్‌లుక్ నత్తనడక నడుస్తోంది.

దానంతటది చేరిన మెయిల్‌బాక్స్‌ల సరుకంతా పాత ఔట్‌లుక్ మీ సొంత మెయిల్ ఉన్న ఫైల్‌లోనే దించుకుంటుంది. ఆ ఫైల్‌కు మామూలుగా ఉండే పరిమితి 50 జీబీ. మీది 10, అడ్మిషన్లది 30, స్కాలర్‌షిప్‌లది 15 అయితే దాటిపోయినట్టే. ఆటోమ్యాపింగ్ (మెయిల్‌బాక్స్ దానంతటదే ఔట్‌లుక్‌లో చేరడం) లేకుండా అనుమతి మళ్లీ ఇవ్వమని అడ్మిన్‌ను అడగండి. ఆయన పవర్‌షెల్‌లో (అడ్మిన్‌లు ఆదేశాలు టైపు చేసే కిటికీలో) పాత అనుమతి తీసేసి, 'ఆటోమ్యాపింగ్ ఫాల్స్' అని కొత్తగా ఇవ్వాలి. ఆ తర్వాత రోజూ అవసరమైన మెయిల్‌బాక్స్‌ను మాత్రం ఔట్‌లుక్‌లో ఉంచుకుని, మిగతావి బ్రౌజర్‌లో తెరవండి. పాత కంప్యూటరైతే అన్నీ బ్రౌజర్‌లోనే మేలు.

జవాబు పంపాను. పక్క సీటు ఆయనకు కనిపించడం లేదంటున్నారు.

డెస్క్‌టాప్ ఔట్‌లుక్ నుంచి పంపిన మెయిల్ నకలు, ఏ మార్పూ చేయకపోతే, మీ సొంత 'సెంట్ ఐటమ్స్'లోనే పడుతుంది. మెయిల్‌బాక్స్ తెరిచిన రోజే అడ్మిన్ దీన్ని మార్చాలి: మెయిల్‌బాక్స్ పేరు నొక్కి, 'సెంట్ ఐటమ్స్' దగ్గర రెండు స్విచ్‌లూ ఆన్ చేయాలి. ఒకటి సెండ్ యాజ్ కోసం, ఇంకొకటి ఆన్ బిహాఫ్ కోసం. ఆ రోజు నుంచి నకలు రెండుచోట్లా పడుతుంది. పాతవాటికి వర్తించదు. వాటిని ఎవరి ఫోల్డర్ నుంచి వాళ్లు ఉమ్మడి మెయిల్‌బాక్స్‌లోకి లాగి వేయాలి. ఉద్యోగి రిలీవ్ అవకముందే ఈ పని చేయించండి.

డిలీట్ చేసినవాటిదీ ఇదే తీరు. పాత ఔట్‌లుక్‌లో తీసేసింది తీసేసినవారి సొంత 'డిలీటెడ్ ఐటమ్స్'లోకి వెళ్తుంది. మెయిల్ మాయమైంది అనిపిస్తే ముందు సెక్షన్‌లో అందరూ తమ తమ చెత్తబుట్టలు చూసుకోండి. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేసి ఉంటే, 'రికవర్ డిలీటెడ్ ఐటమ్స్'లో మామూలుగా 14 రోజులు ఉంటుంది. అడ్మిన్ దాన్ని 30 రోజులకు పెంచవచ్చు. పెంచమనే మా మాట. సెలవుల తర్వాత తిరిగొచ్చి వెతికేసరికి 14 రోజులు గడిచిపోతాయి.

'మీకు ఈ పేరుతో పంపే అనుమతి లేదు' అని మెయిల్ తిరిగొస్తోంది.

అనుమతి కొత్తగా ఇచ్చినదైతే పైన చెప్పిన గంట కాలేదేమో చూడండి. అది కాకపోతే, 'ఫ్రమ్' గడిలో ఔట్‌లుక్ గుర్తుపెట్టుకున్న పాత పేరు వచ్చి ఉంటుంది. దాన్ని తీసేసి, చిరునామాను అడ్రస్ బుక్ నుంచి కొత్తగా ఎంచుకోండి. 'ఫ్రమ్' గడే కనిపించకపోతే కొత్త మెయిల్ కిటికీలో 'ఆప్షన్స్'లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి.

ఒకే విద్యార్థికి ఇద్దరం జవాబిచ్చాం. ఇంకొకరికి ఎవరమూ ఇవ్వలేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ఉమ్మడి మెయిల్‌బాక్స్‌లో చదివిన, చదవని గుర్తు అందరికీ ఒకటే. మీరు ఊరికే తెరిచి చూసినా అది మిగతావాళ్లకు చదివినట్టే కనిపిస్తుంది. 'ఎవరో చూసుకుంటున్నారులే' అనుకుని అందరూ దాటిపోతారు. అవతల అమెరికాలోనో కెనడాలోనో చేరబోతున్న మన విద్యార్థి ట్రాన్స్‌క్రిప్ట్ కోసం రోజులు లెక్కబెట్టుకుంటూ ఉంటాడు. గడువు దాటితే అతనికి ఒక సెమిస్టర్ పోతుంది. కాబట్టి చదివిన గుర్తు మీద ఎప్పుడూ ఆధారపడకండి.

దాని బదులు కేటగిరీలు వాడండి. సీటుకో రంగు: ఎ1 నీలం, ఎ2 ఆకుపచ్చ, ఎ3 నారింజ. మెయిల్ తెరిచినవారు వెంటనే తమ రంగు వేయాలి. రంగు లేని మెయిల్ అంటే ఎవరూ పట్టుకోలేదని అర్థం. పని అయ్యాక దాన్ని 'పూర్తయినవి' ఫోల్డర్‌లోకి తరలించాలి. ఇన్‌బాక్స్‌లో ఉన్నదంటే పెండింగ్ అన్నట్టే. కేటగిరీలను ఉమ్మడి మెయిల్‌బాక్స్ తెరిచి దానిలోనే తయారు చేయండి, మీ సొంత మెయిల్‌లో కాదు. లేకపోతే పక్కవారికి పేరు కనిపిస్తుంది, రంగు రాదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేముందు రంగు లేనివి ఎన్ని మిగిలాయో సూపరింటెండెంట్ లెక్క చూడాలి. రెండు నిమిషాల పని. జంక్ ఫోల్డర్ కూడా అప్పుడే చూడండి. నేపథ్య తనిఖీ సంస్థలు పంపే సర్టిఫికెట్ వెరిఫికేషన్ మెయిళ్లు తరచూ అందులోనే పడతాయి.

మెయిల్‌బాక్స్ నిండిపోయింది. ఏం చేయాలి?

ముందు హెచ్చరిక వస్తుంది, తర్వాత పంపడం ఆగుతుంది, చివరికి వచ్చే మెయిళ్లు కూడా తిరిగిపోతాయి. ఫోన్‌లో స్కాన్ చేసిన మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం కలిపి ఒక్కో మెయిల్ 5 ఎంబీ అనుకుంటే, 10,000 మెయిళ్లకు 50 జీబీ అయిపోతుంది. అడ్మిషన్ల సీజన్‌లో ఇది పెద్ద సంఖ్యేమీ కాదు.

తాత్కాలికంగా: సైజు ప్రకారం వరుసలో పెట్టి, పెద్ద అటాచ్‌మెంట్లు ఫైల్ సర్వర్‌లోకి దించుకుని, మెయిల్ తీసేసి, 'డిలీటెడ్ ఐటమ్స్' కూడా ఖాళీ చేయండి. అందులో ఉన్నంతసేపూ లెక్కలోనే ఉంటుంది. ఆ మెయిల్‌బాక్స్‌కు ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సేవ) ప్లాన్ 2 లైసెన్స్ ఇస్తే పరిమితి 100 జీబీకి పెరుగుతుంది. శాశ్వత పరిష్కారం మాత్రం సర్టిఫికెట్లు మెయిల్‌లో అడగడం మానేసి, అడ్మిషన్ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయించడమే.

ఫలితాల సమాచారం విద్యార్థులందరికీ ఈ మెయిల్‌బాక్స్ నుంచి పంపవచ్చా?

వద్దు. రోజుకు 10,000 మంది గ్రహీతలు, నిమిషానికి 30 మెయిళ్లు అనే హద్దులున్నాయి. ఒక్క మెయిల్‌లో మామూలుగా 500 మంది వరకే. అనుబంధ కాలేజీలున్న విశ్వవిద్యాలయానికి అది ఏ మూలకూ చాలదు. హద్దు దాటితే ఆ రోజుకు సెక్షన్ మెయిల్ మొత్తం ఆగిపోతుంది, అదీ ఫలితాల రోజున. క్యాంపస్ విద్యార్థుల కోసం డిస్ట్రిబ్యూషన్ లిస్ట్ పెట్టండి, అది ఒక్క గ్రహీతగానే లెక్కకొస్తుంది. మిగతావారికి పోర్టల్, ఎస్ఎంఎస్.

బయటి జీమెయిల్ చిరునామాలకు పెద్ద సంఖ్యలో పంపాల్సి వస్తే ఇంకో సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకు 5,000కు పైగా పంపే డొమైన్లకు మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఏర్పాట్లు మూడూ ఉండాలని గూగుల్ షరతు పెట్టింది.

సెక్షన్ మెయిళ్లన్నీ నా సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకోవచ్చా?

బయటి చిరునామాలకు ఆటోమేటిక్ ఫార్వర్డింగ్‌ను మైక్రోసాఫ్ట్ 365 ముందే ఆపేసి ఉంచుతుంది. రూల్ పెట్టినా 5.7.520 అనే ఎర్రర్‌తో మెయిల్ తిరిగొస్తుంది. అడ్మిన్‌ను అడిగి తెరిపించుకోకండి. విద్యార్థుల మార్కులు, ఆధార్ నకళ్లు ఒకరి సొంత ఖాతాలో పేరుకుపోతే, వాటిని మళ్లీ వెనక్కి తెచ్చే మార్గం విశ్వవిద్యాలయానికి ఉండదు.

ఫోన్‌లో చూడడమే మీ అవసరమైతే, ఔట్‌లుక్ యాప్‌లో మీ ఖాతా ముందు చేర్చుకుని, 'యాడ్ అకౌంట్' నొక్కి 'యాడ్ షేర్డ్ మెయిల్‌బాక్స్' ఎంచుకోండి.

సమాచార హక్కు, లైంగిక వేధింపుల ఫిర్యాదులకు విడి మెయిల్‌బాక్స్‌లు కావాలా?

తప్పకుండా. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు మెయిల్‌లోనూ రావచ్చు. అందిన నాటి నుంచి 30 రోజుల్లో జవాబివ్వాలి. పౌర సమాచార అధికారి మారినా గడువు మారదు. ఉత్తరం పాత అధికారి సొంత మెయిల్‌లో ఇరుక్కుపోతే, జవాబు చెప్పుకోవాల్సింది కొత్తగా వచ్చినవారే.

లైంగిక వేధింపుల నిరోధానికి ఏర్పాటైన అంతర్గత కమిటీ మెయిల్‌బాక్స్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2013 చట్టం ఫిర్యాదు వివరాలను, ఫిర్యాదుదారు గుర్తింపును గోప్యంగా ఉంచమంటోంది. సభ్యులుగా కమిటీలో ఉన్నవారే ఉండాలి. అధ్యక్షురాలి పీఏ ఉండకూడదు, రిజిస్ట్రార్ ఆఫీసు ఉండకూడదు, మెయిల్ అడ్మిన్ కూడా ఉండకూడదు. ఏ ఫార్వర్డింగూ ఉండకూడదు. కమిటీ సభ్యుల పదవీకాలం మూడేళ్లకు మించదు. కమిటీ మారిన ఉత్తర్వు వెలువడిన రోజే పాత పేర్లు తీసేసి కొత్తవి చేర్చండి. ఫిర్యాదు రాసే అమ్మాయి, అది ఎవరు చదువుతారో తెలియక ఆగిపోయే పరిస్థితి రాకూడదు. ఆటో రిప్లైలో ఈ మెయిల్‌బాక్స్‌ను కమిటీ సభ్యులు మాత్రమే చదువుతారని రాయండి.

ఉద్యోగి బదిలీ అయినా, రిటైర్ అయినా ఏం చేయాలి?

ఛార్జ్ అప్పగింత జాబితాలోనూ, నో డ్యూస్ ఫారంలోనూ ఉమ్మడి మెయిల్‌బాక్స్‌ల గడి ఒకటి పెట్టించండి. దీన్ని మించిన సాంకేతిక ఉపాయం ఇంకొకటి లేదు. ప్రతి మెయిల్‌బాక్స్‌కు రెగ్యులర్ ఉద్యోగి ఒకరు బాధ్యులుగా ఉండాలి. సెమిస్టర్‌కు ఒకసారి సభ్యుల జాబితాను అడ్మిన్ వాళ్లకు పంపితే, ఉండకూడని పేర్లు కొట్టేసి తిప్పి పంపాలి.

ఇన్నేళ్లూ ఆఫీసు పనంతా ఒకరి సొంత మెయిల్‌లోనే నడిచి ఉంటే, ఆ మెయిల్‌బాక్స్‌ను ఉమ్మడిగా మార్చవచ్చు. పాత ఉత్తరాలన్నీ ఉంటాయి. లైసెన్స్ తీసేముందు అది 50 జీబీ లోపు ఉందో లేదో చూడండి. ఆ ఉద్యోగి యూజర్ ఖాతాను మాత్రం డిలీట్ చేయకండి. మెయిల్‌బాక్స్ దానికే ముడిపడి ఉంటుంది, ఖాతా పోతే పెట్టె కూడా పోతుంది. పొరపాటున తీసేస్తే 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. సొంత ఉత్తరాలు ఏరి తీసుకోవడానికి ఆయనకు ముందే కొన్ని రోజులివ్వడం మర్యాద.

మోసపు మెయిళ్లు వీటికే ఎక్కువ వస్తున్నాయెందుకు?

చిరునామా వెబ్‌సైట్‌లో ఉంటుంది, తెలియనివారి అటాచ్‌మెంట్లు తెరవడం ఆ సెక్షన్ రోజువారీ పని. వైస్ ఛాన్సలర్ పేరుతో 'మీటింగ్‌లో ఉన్నాను, అర్జంటు' అని వచ్చేవాటిని ఇప్పుడు చాలామంది గుర్తుపడుతున్నారు. అకౌంట్స్ సెక్షన్‌కు 'మా కంపెనీ బ్యాంకు ఖాతా మారింది, బిల్లు కొత్త ఖాతాలో వేయండి' అని వచ్చేది అంతకంటే ప్రమాదకరం. అలాంటిది వస్తే మెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా, పాత ఫైల్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి అడగండి. అనుమానం వచ్చిన మెయిల్‌ను డిలీట్ చేయకుండా 'రిపోర్ట్' నొక్కండి, అడ్మిన్ మిగతా మెయిల్‌బాక్స్‌లలో కూడా వెతికి తీసేయగలరు.

మాది గూగుల్ వర్క్‌స్పేస్. మాకేది దారి?

రెండు దారులున్నాయి. ఒకటి జీమెయిల్ డెలిగేషన్: సెక్షన్ పేరుతో ఖాతా తెరిచి, సెట్టింగ్స్‌లో సభ్యులను డెలిగేట్లుగా చేర్చడం. డెలిగేట్లు చదవగలరు, పంపగలరు, పాస్‌వర్డ్ మార్చలేరు. ఈ వెసులుబాటును ముందు అడ్మిన్ కన్సోల్‌లో ఆన్ చేయాలి. రెండోది గూగుల్ గ్రూప్స్‌లోని కొలాబరేటివ్ ఇన్‌బాక్స్: ప్రతి మెయిల్‌నూ ఒకరికి అప్పగించవచ్చు, పూర్తయిందని గుర్తు పెట్టవచ్చు. పని పంచుకోవడమే ముఖ్యమైతే ఇదే మేలు. దీనిలో ఎక్కువగా జరిగే పొరపాటు 'ఎవరు పోస్ట్ చేయవచ్చు' అన్నదాన్ని సంస్థలోనివారికే పరిమితం చేసి వదిలేయడం. బయటినుంచి రాసే విద్యార్థి మెయిల్ తిరిగిపోతుంది, సెక్షన్‌కేమో మెయిల్ రాలేదనిపిస్తుంది. తెరిచిన రోజే బయటి చిరునామా నుంచి ఒక పరీక్ష మెయిల్ పంపి చూడండి. కన్వర్సేషన్ హిస్టరీ (వచ్చిన మెయిళ్లను గ్రూప్‌లో భద్రపరిచే సెట్టింగ్) కూడా ఆన్‌లో ఉండాలి.

పాత మెయిల్‌బాక్స్‌ను మూసేయాలి. ఎలా?

ముందు వెబ్‌సైట్, బ్రోషర్, ఫారాల నుంచి చిరునామా తీయించండి. తర్వాత కొత్త చిరునామా చెప్పే ఆటో రిప్లై పెట్టి కనీసం ఒక విద్యా సంవత్సరం ఉంచండి. ఇంకా ఎవరు రాస్తున్నారో నెలకోసారి చూడండి. బ్యాంకులు, యూజీసీ, న్యాక్ పోర్టళ్లలో లాగిన్ చిరునామాగా ఇదే ఇచ్చి ఉంటే, మూయకముందే మార్చాలి. లేకపోతే ఆ పోర్టళ్ల పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ ఎక్కడికీ చేరదు. భద్రపరచాల్సిన ఉత్తరాలు ఎగుమతి చేసుకున్నాకే తీసేయండి. ఆ చిరునామాను మళ్లీ ఇంకొకరికి ఎప్పుడూ ఇవ్వకండి. పాత విద్యార్థి ఒకరు ఏళ్ల తర్వాత పాత మెయిల్‌కే జవాబు కొడతారు. అందులో అతని మార్కులు, అతని ఆధార్ ఉంటాయి.